లారీ, ఆటో, మా ఫిజిక్స్ క్లాసు

విశాఖపట్నం,
ఆదివారం రాత్రి

ఒరేయ్ రాఘవా,

మొన్న ఫోన్లో "ఇన్నేళ్లు కంప్యూటర్లూ వీడియోలూ పెట్టి పాఠాలు చెప్పావు కదా, ఏం తేలిందిరా?" అని అడిగావు. బస్సులో ఉన్నాను, సరిగ్గా చెప్పలేకపోయాను. ఇవాళ తీరిగ్గా కూర్చున్నా. మీ చెల్లెలు రెండోసారి కాఫీ ఇచ్చి పడుకుంది.

హాస్టల్ కామన్ రూములో దూరదర్శన్ పెడితే యూజీసీ వాళ్ల కాలేజీ పాఠాలు వచ్చేవి, గుర్తుందా? 1984లో మొదలయ్యాయి, మనం ఎమ్మెస్సీలో చేరింది ఆ మరుసటి ఏడు. నువ్వు క్రికెట్ ఎప్పుడొస్తుందా అని చూసేవాడివి. నేను మాత్రం తెర మీద కదిలే అలను చూసి, తరంగమంటే ఇదా అనుకున్నాను. మాస్టారు బోర్డు మీద ఎంత బాగా గీసినా అది కదలదు కదా!

అందుకే లెక్చరరయ్యాక ఏ కొత్త పరికరం వచ్చినా వదల్లేదు. ఓహెచ్‌పీ (బొమ్మను గోడ మీద పెద్దగా చూపించే ప్రొజెక్టర్) షీట్ల మీద రంగు పెన్నులతో రాత్రిళ్లు బొమ్మలు వేశాను. 2003లో ఐఐటీలూ, బెంగళూరు ఐఐఎస్సీ కలిసి ఎన్‌పీటెల్ అని ఉచిత వీడియో పాఠాలు మొదలుపెట్టాక ఆ వీడియోలు మా పిల్లలకు చూపించాను. మారుమూల కాలేజీ పిల్లాడికి మద్రాసు ఐఐటీ ప్రొఫెసర్ పాఠం ఉచితంగా దొరకడం చిన్న సంగతి కాదురా, ఆ మాట ఇప్పటికీ గట్టిగానే అంటాను. నేనూ నలభై పాఠాలు రికార్డు చేశాను. కానీ ఎవరికి ఏది ఎక్కడ అర్థం కాలేదో ఆ కెమెరా నాకు ఒక్కసారి కూడా చెప్పలేదు.

అప్పుడే ఎరిక్ మజూర్ గురించి చదివాను. హార్వర్డ్‌లో ఫిజిక్స్ ప్రొఫెసర్. పిల్లలు ఆయన పాఠం బాగుందనేవారు, కష్టమైన లెక్కలూ చేసేసేవారు. 1990 ప్రాంతంలో న్యూటన్ సూత్రాల మీద మామూలు మాటల్లో ప్రశ్నలిస్తే తడబడ్డారు. మీరు నేర్పినట్టు రాయాలా, మేం మామూలుగా అనుకునేట్టు రాయాలా అని ఒకరు అడిగారట! అది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ తర్వాత ఆయన పాఠం మధ్యలో ప్రశ్న వేసి, ఎవరి జవాబు వాళ్లు ఎంచుకున్నాక పక్కవాళ్లతో వాదించుకోమనేవాడు. ఆపైన మళ్లీ ఓటు. మొదటి ఓటులో 30 నుంచి 70 శాతం మంది సరిగ్గా చెబితే ఆ వాదన పండుతుందని ఆయన లెక్క. ఓటుకి మొదట్లో అట్టలు ఎత్తేవారు, తర్వాత క్లిక్కర్లు, అంటే బటన్ నొక్కి ఓటేసే చిన్న రిమోట్లు, వచ్చాయి.

క్లిక్కర్లు కొనడానికి మాకు డబ్బెక్కడిది? పిల్లల జేబుల్లో ఫోన్లున్నాయి, వాటితోనే కానిచ్చాను. లారీ, ఆటో ఎదురెదురుగా గుద్దుకుంటే ఏది దేని మీద ఎక్కువ బలం చూపిస్తుంది? అందరూ ఇంటర్లోనే న్యూటన్ మూడో సూత్రం, అదే చర్యకు సమానమైన ప్రతిచర్య, కంఠతా పట్టినవాళ్లు. సగానికి పైగా లారీ అన్నారు. "పక్కవాళ్లని ఒప్పించండి" అన్నాను. క్లాసు సంతలా అయిపోయింది. ఎప్పుడూ నోరు విప్పని ఒక అమ్మాయి పక్క పిల్లతో, "దెబ్బ రెండింటికీ ఒకటేనే, ఆటో తేలిక కాబట్టి ఎగిరిపడింది" అంటోంది. మళ్లీ ఓటేస్తే తెర మీద గీత "సమానం" వైపు నిలువునా లేచింది. అంత సూటిగా నేనెప్పుడూ చెప్పలేదురా. ఇప్పుడు ఆమె మాటతోనే ఆ పాఠం మొదలుపెడతాను.

కరోనా ఏడాది సంగతి కూడా చెప్పాలి. ఆన్‌లైన్ క్లాసంటే తెర మీద నల్ల గడులే, మనిషి ముఖం కనపడేది కాదు. పాడేరు వైపు కుర్రాడొకడు వాటర్ ట్యాంక్ ఎక్కితే గానీ సిగ్నల్ దొరకదు. "వీడియో రావట్లేదు సార్, ప్రశ్న మెసేజ్ పెట్టండి" అన్నాడు. పెట్టాను. సాయంత్రానికి "బి" అని ఒక అక్షరం, ఎందుకో ఒక్క వాక్యంలో కారణం వచ్చాయి. ఏడాదంతా అలాగే నడిచింది. వాడిప్పుడు జూనియర్ లెక్చరర్. కొత్త ప్రశ్న తట్టినప్పుడల్లా నాకు పంపిస్తాడు.

వచ్చే నెలాఖరున నా ఆఖరి క్లాసు. చెల్లెమ్మని తీసుకుని రా. మూడో బెంచీలో నీకు చోటు ఉంచుతాను, ఫోన్ చార్జింగ్ పెట్టుకుని రా, నీకూ ఓటుంటుంది.

నీ
మూర్తి