యోసెమిటీ ప్రయాణం: టెంటు సామాను గురించి

సభ్యులందరికీ నమస్కారం.

డాలస్ నుంచి కాలిఫోర్నియాలోని ఫ్రెస్నోకు విమానంలో వెళ్లి, అక్కడ అద్దె కారు తీసుకుని యోసెమిటీ జాతీయ పార్కుకు చేరుకుంటాం కనుక, ఎవరు ఏ సామాను తేవాలో ముందే తేల్చుకోవడం మంచిది.

టెంట్లు, స్లీపింగ్ బ్యాగులు ఇంటి నుంచే తెచ్చుకోండి. చెక్-ఇన్ బ్యాగు సాధారణంగా 23 కిలోలు దాటకూడదు కాబట్టి, పెద్ద టెంటు గుడ్డను ఒక బ్యాగులోనూ, కడ్డీలను దుప్పట్లలో చుట్టి మరొక బ్యాగులోనూ సర్దండి. మేకులు, సుత్తి, చాకు క్యాబిన్ బ్యాగులో పెట్టవద్దు.

అసలు చిక్కు పొయ్యితోనే. గ్యాస్ డబ్బాలను ఏ బ్యాగులోనూ అనుమతించరు. వాడిన పొయ్యిని కూడా ఇంధనం వాసన సైతం మిగలకుండా కడిగితేనే తీసుకెళ్లనిస్తారు. అంత శ్రమ కన్నా, ఫ్రెస్నోలో దిగగానే ఒక చవక పొయ్యి, గ్యాస్, ఐస్ పెట్టె కొనుక్కోవడమే నయమని నా అభిప్రాయం. మిగిలిన గ్యాస్ డబ్బాలను తిరుగు ప్రయాణంలో పక్క టెంటువారికి ఇచ్చేయవచ్చు. వంటచెరకు కూడా అక్కడే కొందాం.

యోసెమిటీలో ఎలుగుబంట్ల బెడద ఉన్నందున, ఆహారమే కాదు, టూత్‌పేస్టు, సబ్బు, పిల్లల లోషన్ వంటి వాసన వచ్చే ప్రతి వస్తువునూ క్యాంపు స్థలంలోని ఇనుప పెట్టెలో పెట్టి గొళ్లెం వేయాలి. పులిహోర పొట్లం రాత్రి టెంటులో దాచుకుందామనుకునేవారు దయచేసి ఆ ఆలోచన మానుకోండి. ఎలుగుబంట్లను తరిమే ఘాటు స్ప్రే (బేర్ స్ప్రే) ఆ పార్కులో నిషిద్ధం, కాబట్టి కొనవద్దు.

మీ వద్ద ఉన్న టెంట్ల వివరాలు, ఒక్కొక్క దానిలో ఎంతమంది పడతారన్నది ఆదివారంలోగా ఇక్కడే తెలియజేయగలరు.