టైం దొరకట్లేదన్నావు కదా, బావా

బావా,

మొన్న ఫోన్లో సగం మాటలో ఉండగానే "టైం దొరకట్లేదురా, మళ్లీ చేస్తా" అని పెట్టేశావు. నాకు కోపం రాలేదు. కానీ ఆ మాట రెండు రోజులుగా నన్ను వదల్లేదు. ఫోన్లో చెబితే మళ్లీ మధ్యలో లేస్తావు, అందుకే ఉత్తరం రాస్తున్నా. ఇప్పుడే చదవాలని లేదు. రాత్రి అన్నం తిన్నాక, అందరూ పడుకున్నాక చదువు.

ఇక్కడ పొగాకు రెండో రెలుపు అయింది, పండిన ఆకు కోసేశాం. నిన్న సాయంత్రం ఆకు ఎండబెట్టే బ్యారన్‌కి ఎక్కించి మంట పెట్టాం. ఇప్పుడు రాత్రి పదకొండున్నర. పొయ్యి ఎదురుగా నులకమంచం మీద కూర్చుని మనవరాలి నోటుపుస్తకంలో కాగితాలు చించుకుని రాస్తున్నా. మనిషిని పెట్టుకోవచ్చు కదా అంటారు మావాళ్లు. పగలు పెట్టుకుంటా. రాత్రి కాపలా మాత్రం నాదే.

మా ఇంటికి మొదటి గడియారం ఎందుకొచ్చిందో నీకెప్పుడైనా చెప్పానా? మనుషుల కోసం కాదు, బ్యారన్ కోసం. అంతకుముందు మా అమ్మకు గడియారంతో పనే లేదు. కోడి కూసే వేళ, పొద్దు బారెడెక్కిన వేళ, అన్నాల వేళ, దీపాలు పెట్టే వేళ. అంతే. "గంటలో వచ్చేయ్" అనేది కాదు, "పాలు పొంగేలోపు వచ్చేయ్" అనేది. తాతదైతే ఇంకా పాత లెక్క. గడియ అంటే 24 నిమిషాలు, ఏడున్నర గడియలు ఒక జాము, రోజుకి 60 గడియలు. "రెండో జాము దాటింది, పడుకోండ్రా" అనేవాడు. చుక్కల్ని చూసి చెప్పేవాడు. మేమెవరమూ సరిచూడలేదు, నమ్మి పడుకునేవాళ్లం.

నాన్న బ్యారన్ కట్టించాక కీ ఇచ్చే గడియారం ఒకటి ఒంగోలు నుంచి తెచ్చాడు. ఆకు మన మాట వినదు కదా. మొదటి ఒకటిన్నర రోజు వేడి వంద ఫారన్‌హీట్ డిగ్రీల చుట్టూనే నిలపాలి, ఆకు పసుపు తిరగాలి. తొందరపడి మంట పెంచావా, పచ్చ అలాగే ఉండిపోతుంది, మళ్లీ పోదు. ఏమరుపాటున లేటయితే నల్లబడుతుంది. తర్వాత మెల్లమెల్లగా పెంచుకుంటూ, చివరికి ఈనె ఎండటానికి 160 దాకా పోవాలి. ఐదారు రోజులు, ఐదారు రాత్రులు. గంటకోసారి లేచి టార్చి వేసి అద్దంలోంచి థర్మామీటరు చూడాలి. మధ్యలో చేసే పనేమీ ఉండదు. ఉండటమే పని.

ఇంటర్ రెండో ఏడు నాన్నకు జ్వరం వచ్చినప్పుడు ఆ కాపలా మనిద్దరం చేశాం, గుర్తుందా? నివురులో చిలగడదుంపలు కాల్చుకున్నాం. మూడింటికి గడియారం ఆగిపోయింది. కీ ఇవ్వడం ఇద్దరం మర్చిపోయాం. అప్పుడు నువ్వు "నేను అంకెలు లెక్కపెడతా, నువ్వు మంట చూడు" అని అరవై, అరవై అంటూ నిజంగానే లెక్కపెట్టావు. మీ నాన్న అప్పు సంగతి, గుంటూరు పోయి చదవడం నీకు ఇష్టం లేదన్న సంగతి ఆ రాత్రే చెప్పావు. నువ్వు ఆ నెలలో ఇంకేం చెప్పావో నాకు ఒక్క ముక్క గుర్తు లేదు. ఆ రాత్రి మాత్రం ఏ మాట తర్వాత ఏ మాట అన్నావో చెప్పగలను.

ఇంకో సంగతి రాస్తా. ఇది నేను ఎవరికీ చెప్పలేదు. నాన్న చివరి నెల మంచంలో ఉన్నాడు కదా. అది ఆగస్టు. బ్యారన్ చల్లగా, ఖాళీగా ఉంది. కానీ రోజూ రాత్రి అడిగేవాడు, "లోపల ఎంతుందిరా?" అని. "నూటిరవై నాన్నా" అనేవాణ్ణి. "నిదానంగా పెంచు" అని కళ్లు మూసుకునేవాడు. ఆ ఒక్క మాట కోసం నేను కొట్టు కట్టేసి తొమ్మిదింటికల్లా ఇంటికొచ్చేవాణ్ణి. ఒకరోజు ఎరువుల లోడు వచ్చింది. దింపించి, లెక్క రాసి వచ్చేసరికి ఒంటిగంట. అమ్మ చెప్పింది, "ఇందాకటి దాకా నీకోసం మేలుకునే ఉన్నాడు" అని. ఆ రోజు ఎన్ని బస్తాలు దిగాయో కొట్టు పుస్తకంలో ఇప్పటికీ ఉంది. నాన్న ఎంతసేపు చూశాడో ఎక్కడా లేదు. తర్వాత మూడు రోజులకు పోయాడు. ఆ మూడు రోజులూ ఆయన ఆ ప్రశ్న అడగలేదు.

అందుకే "దొరకట్లేదు" అనే మాట దగ్గర ఆగిపోయాను బావా. దొరకడానికి అది దారిలో పడిపోయిన వస్తువు కాదు. విత్తనం గింజలు అమ్మ ఎప్పుడు తీసేది? నూర్పిడి రోజే, ఒక్క గింజ వండకముందే గాదెలో వేరుగా కట్టేది. తిన్నాక మిగిలితే తీద్దామనుకుంటే ఏ ఇంట్లోనూ మిగలదు. నేను పదకొండేళ్లు కొట్టు నడిపిన రోజుల్లో మిగులు కోసమే చూశాను.

నీకు నచ్చే విషయం ఒకటి. హైస్కూల్లో లెక్కల మాస్టారు ఆటస్థలంలో కర్ర పాతించి నీడ కొలిపించారు చూడు, నిన్న మనవరాలితో అదే చేశాను. గడియారంలో పన్నెండు కొట్టినా నీడ ఇంకా తగ్గుతూనే ఉంది. పన్నెండు ఇరవై దాటాక గాని మళ్లీ పెరగడం మొదలవలేదు. పిల్ల "గడియారం తప్పు తాతా" అంది. తప్పు కాదు. మన దేశం టైం 82½ డిగ్రీల రేఖాంశానిది. అది కాకినాడ దగ్గరగా పోతుంది. మనం 80 దగ్గర ఉన్నాం. డిగ్రీకి 4 నిమిషాల చొప్పున సూర్యుడు మనకు పది నిమిషాలు వెనక. మిగతాది భూమి తిరిగే తీరు వల్ల. ఫిబ్రవరిలో ఇంత లేటు, నవంబరు మొదట్లో అయితే పన్నెండుకు ముందే నడినెత్తికి వచ్చేస్తాడు. 1906కి ముందు మన వైపు రైళ్లు మద్రాసు టైం ప్రకారం నడిచేవి, ఇప్పటి టైంకి అది 9 నిమిషాలు వెనక. అంటే మా తాత పొద్దుకీ ఆనాటి రైలుకీ పెద్ద తేడా లేదన్నమాట. ఇది పిల్లకు చెప్పడానికి గంటన్నర పట్టింది. ఎంత బాగుందో ఆ గంటన్నర!

2027 ఉగాదికి మనం పుట్టిన ప్లవంగ నామ సంవత్సరం మళ్లీ వస్తోంది. అరవై పేర్లూ ఒక చుట్టు తిరిగొచ్చేశాయి. మీ పిల్లలు షష్టిపూర్తికి హాలు మాట్లాడతామన్నారని చెల్లెమ్మ చెప్పింది. చేయించుకో, నేనొస్తా, భోజనాల దగ్గర నిలబడతా. కానీ ఆ రోజు నాలుగు వందల మంది మధ్య మనం మాట్లాడుకునేది ఏముంటుంది?

మూడో రెలుపు ఇంకో వారం పది రోజుల్లో ఉంటుంది. ఏ రోజు ఎక్కిస్తామో ముందే ఫోన్ చేసి చెబుతా. సికింద్రాబాదులో రాత్రి రైలు ఎక్కితే తెల్లవారేసరికి ఒంగోల్లో దిగుతావు, బండి తీసుకుని స్టేషన్‌కి వస్తా. ఒక్క రాత్రి కోసం రావద్దు, రంగు తిరిగిన దగ్గర్నుంచి ఈనె ఎండే దాకా ఉండు. మోకాళ్ల నొప్పులంటున్నావుగా, లేచి చూడటం నేను చూసుకుంటా, నువ్వు కూర్చో చాలు. ల్యాప్‌టాప్ తెచ్చుకున్నా నేనేమీ అనను. దుప్పటి తెచ్చుకో, తెల్లారుజామున ఇంకా మంచు పడుతోంది.

చూసొచ్చాను, రెండు డిగ్రీలు తగ్గింది. కట్టెలు వెయ్యాలి. ఉంటా.

నీ
బావ