పీహెచ్‌డీ వచ్చింది సరే, డేటా ఎక్కడుంది?

సంపాదకులు గారికి,

యూనివర్సిటీల గురించి పేపర్లో వచ్చేవి చాలావరకు ఖాళీ పోస్టుల వార్తలు, ర్యాంకులు, లేకపోతే ఎవరో థీసిస్ కాపీ కొట్టారన్న గొడవ. రాయాల్సినవే, కాదనను. కానీ కాపీ కొట్టకుండా, ఏళ్ల తరబడి ఎండలో ఊళ్లు తిరిగి చేసిన పరిశోధన తాలూకు డేటా చివరికి ఏమైపోతోందో ఎవరూ అడగడం లేదు. అందుకే ఈ ఉత్తరం.

నేను భూగర్భ జలాల మీద పనిచేసే అధ్యాపకుణ్ని. మా విద్యార్థిని ఒకమ్మాయి నల్గొండ వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ మీద పని మొదలుపెట్టింది. అదే ప్రాంతం మీద చాలా ఏళ్ల కిందట వేరే యూనివర్సిటీలో ఒక మంచి థీసిస్ వచ్చింది, దేశంలోని థీసిస్‌లన్నీ ఉంచే శోధ్‌గంగ వెబ్‌సైట్లో పీడీఎఫ్ కూడా దొరికింది. మండలాల వారీగా సగటులు ఉన్నాయి, రంగుల మ్యాపులు ఉన్నాయి. ఏ ఊళ్లో ఏ బోరు, ఎన్ని అడుగుల లోతు, ఏ నెలలో నీళ్లు పట్టారు, ఒక్కో శాంపిల్‌కి ఎంత వచ్చింది అన్న అసలు షీటు మాత్రం లేదు. తాగునీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు అన్నది మన బీఐఎస్ (భారతీయ ప్రమాణాల సంస్థ) ప్రమాణం. మండలం సగటు 1.4 అని రాస్తే ఏం తెలుస్తుంది? ఒక బోరులో అర మిల్లీగ్రాము, పక్క వీధి బోరులో నాలుగు ఉండొచ్చు, కాళ్లు వంకరపోయేది ఆ పక్క వీధి పిల్లలకి.

థీసిస్ రాసినాయన ఇప్పుడు అమెరికాలో ఉన్నారు. పాత మెయిల్ ఐడీ పనిచేయదు. ఎలాగో ఫోన్‌లో దొరికితే పాపం ఆయనే ఎక్కువ బాధపడ్డారు. హార్డ్ డిస్క్ పాడైందట, డిపార్ట్‌మెంట్‌లో సిస్టం ఎప్పుడో ఫార్మాట్ చేసేశారట, పరిశోధన చేయించిన గైడ్ గారు రిటైరయ్యారట. ఆయన్ని తప్పుపట్టను, దాచమని ఆయనకు చెప్పినవాళ్లే లేరు. మళ్లీ శాంపిళ్లు తీసుకోవచ్చు కదా అని మా కొలీగ్ ఒకరు తేలిగ్గా అనేశారు. ఇప్పటి నీళ్లు తీయగలం, ఇంటింటికీ నల్లా రాకముందు ఆ బోర్లలో ఉన్న నీళ్లు ఎక్కణ్నుంచి తెస్తాం?

థీసిస్ ఇచ్చేముందు ఎక్కడా బాకీలు లేవని నో డ్యూస్ ఫారం ఒకటి నింపాలి, పీహెచ్‌డీ చేసినవాళ్లందరికీ తెలుసు. లైబ్రరీ సంతకం, హాస్టల్ సంతకం, ల్యాబ్ సంతకం. మెస్ బిల్లు కొంచెం బాకీ ఉన్నా ఫారం ముందుకు కదలదు. జనం డబ్బుతో ఫెలోషిప్ ఇచ్చి సేకరింపజేసిన డేటా గురించి మాత్రం అందులో ఒక్క గడి కూడా ఉండదు. 2009లో యూజీసీ థీసిస్‌ల ఎలక్ట్రానిక్ కాపీ ఇవ్వాలని నిబంధన పెట్టబట్టే ఇవాళ గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ అనే యూజీసీ కేంద్రం వాళ్ల శోధ్‌గంగలో లక్షల థీసిస్‌లు దొరుకుతున్నాయి. ఆ థీసిస్‌లకు మూలమైన డేటా మాత్రం గాలికి పోతోంది.

ఇది మన దగ్గరే ఉన్న జబ్బు కాదు. 2013లో కెనడా పరిశోధకులు కొందరు 516 పాత వ్యాసాల డేటా కోసం వాటి రచయితలను సంప్రదించి చూశారు. వ్యాసం ఒక్కో ఏడాది పాతబడేకొద్దీ దాని డేటా దొరికే అవకాశం 17 శాతం చొప్పున పడిపోతోందని తేలింది. కారణాలూ మాకు ఎదురైనవే, పనిచేయని మెయిళ్లు, ఇప్పుడు తెరవలేని పాత డిస్కులు.

సైన్సు వాళ్ల గోల అనుకోవద్దు. జానపద సాహిత్యం, భాషాశాస్త్రం వాళ్ల పరిస్థితి ఇంకా అన్యాయం. ఊరూరా తిరిగి రికార్డు చేసిన క్యాసెట్లు బీరువాల్లో బూజు పట్టాయి, వాటిలో పాడినవాళ్లలో చాలామంది ఇప్పుడు లేరు. అను అనే పాత తెలుగు ఫాంట్లలో టైప్ చేసుకున్న ఇంటర్వ్యూలు ఇప్పుడు ఏ కొత్త కంప్యూటర్లో తెరిచినా పిచ్చి గీతలే. ఏ కంప్యూటర్లోనైనా చదవగలిగే యూనికోడ్‌లోకి మార్చొచ్చు, పెద్ద కష్టం కూడా కాదు, కానీ ఆ ఫైలు ఎవరి దగ్గరుందో తెలియాలిగా!

జాగ్రత్త చేస్తే ఏం జరుగుతుందో చూడాలంటే మన పక్కనే పటాన్‌చెరులో ఇక్రిశాట్ అనే అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ ఉంది. 1975లో వాళ్లు కొన్ని మెట్ట ఊళ్లను ఎంచుకుని, ఊళ్లోనే మకాం పెట్టిన మనుషులతో ఇంటింటి పంట, కూలి, అప్పు, ఖర్చు రాయించారు. అప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలోని డోకూర్ అందులో ఒకటి. ఆ లెక్కలు పోనివ్వకుండా దాచి, అడిగినవాళ్లకు ఇచ్చారు. వానలు లేని ఏడాది పేద కుటుంబం ఎలా గట్టెక్కుతుందో తెలుసుకోవడానికి ప్రపంచంలో ఎక్కడెక్కడి ఆర్థికవేత్తలో ఇప్పటికీ ఆ ఊళ్ల లెక్కలు తిరగేస్తారు.

డబ్బు లేదు, సర్వర్లు లేవు అంటారు మనవాళ్లు. మామూలు థీసిస్ డేటా ఎంతుంటుందండీ, చాలావాటికి ఒక పెన్‌డ్రైవ్ నిండదు. యూరప్‌లోని సెర్న్ భౌతికశాస్త్ర పరిశోధనశాల వాళ్లు నడిపే జెనోడో వెబ్‌సైట్లో ఒక్కో రికార్డుకు 50 జీబీ దాకా ఉచితంగా పెట్టుకోవచ్చు, ఆ డేటాను ఎప్పుడైనా వెతికి పట్టుకోవడానికి డీఓఐ అనే శాశ్వత గుర్తింపు నంబరూ ఇస్తారు. తమ పరిశోధన వ్యాసం అచ్చు కాకముందే డేటా ఇంకొకరు వాడేసుకుంటారేమో అని భయపడే గైడ్లు చాలామందే ఉన్నారు, ఆ భయం ఊరికే వచ్చింది కాదు. అలాంటప్పుడు కొన్నేళ్లు తాళం వేసి ఉంచే వీలుంది. రోగుల పేర్లు, సర్వేలో చెప్పిన కులం, అప్పుల వివరాలు ఉన్నవాటిని బయట పెట్టకూడదు, యూనివర్సిటీ లోపలే దాచాలి. దాచడం వేరు, అందరికీ పంచడం వేరు. ఈ రెండూ కలిపేసి ఆలోచించి అసలు పనే మానేస్తున్నారు.

ఇంకో మాట, పెద్ద మెషిన్ కొన్నంత మాత్రాన అయిపోదు. 2021 డిసెంబరులో జపాన్‌లోని క్యోటో యూనివర్సిటీ సూపర్ కంప్యూటర్లో బ్యాకప్ ప్రోగ్రాం తప్పుగా నడిచి దాదాపు 77 టెరాబైట్లు, 3.4 కోట్ల ఫైళ్లు చెరిగిపోయాయి. 14 పరిశోధన బృందాల డేటా అది, నాలుగు బృందాలది తిరిగి తెచ్చుకునే దారే లేకపోయింది. కాబట్టి రెండో కాపీ వేరే చోట, వేరే మెషిన్లో ఉండాల్సిందే.

తెలంగాణ, ఆంధ్ర ఉన్నత విద్యా మండళ్లు ఈ ఏడాది నుంచే చేయించగల పని ఒకటుంది. నో డ్యూస్ ఫారంలో ఒక గడి పెట్టాలి, అసలు డేటా లైబ్రరీకి అందిందని సంతకం ఉంటేనే థీసిస్ తీసుకోవాలి. డేటాతోపాటు ఒక పేజీ వివరణ కూడా అడగాలి, ఏ కాలమ్ దేనిది, యూనిట్లు ఏమిటి, తేదీలో ముందు రాసింది రోజా నెలా అని. అది లేకపోతే ఫైలు ఉన్నా ఎవరికీ అర్థం కాదు. లైబ్రరీలో ఇది చూసుకోవడానికి ఒక మనిషిని వేయాలి, కొత్త బిల్డింగులేం అక్కర్లేదు.

ఆ లోపు, ఈ ఉత్తరం చదివే స్కాలర్లకు ఒక సలహా. విద్యాసంస్థలకు ఇచ్చే అపరిమిత స్టోరేజీని ఆపేస్తున్నామని గూగుల్ 2021లోనే చెప్పింది, ఇక సంస్థ మొత్తానికి కలిపి 100 టెరాబైట్లతో మొదలవుతుందని. అప్పట్నుంచి చదువు అయిపోయినవాళ్ల ఖాతాలు మూసేయడానికి యూనివర్సిటీలకు ఇంకో కారణం దొరికింది. మీ షీట్లు, ఫొటోలు, రికార్డింగులు యూనివర్సిటీ మెయిల్ డ్రైవ్‌లో ఉంటే వైవా దాకా ఆగకండి, ఇప్పుడే దించుకుని ఇంకో రెండు చోట్ల పెట్టుకోండి, ఒక కాపీ మీ గైడ్‌కి కూడా ఇవ్వండి.

ఇట్లు,
ఒక అధ్యాపకుడు,
హైదరాబాద్