మా అత్తయ్యకు 70 ఏళ్లు ఎప్పుడు నిండుతాయి, మంత్రిగారూ?

గౌరవనీయులైన కేంద్ర ఆర్థిక మంత్రి గారికి నమస్కరించి రాయునది.

ఇది నా నాలుగో అర్జీ. మొదటి మూడింటికీ ‘మీ ఫిర్యాదు నమోదైంది’ అన్న ముక్క తప్ప ఇంకేమీ రాలేదు. అందుకే ఈసారి కవరు అంటించకుండా, అందరికీ కనబడేలా రాస్తున్నాను.

ముందు చేసిన మేలు చెప్పుకోవాలి. సొంతంగా కట్టుకునే ఆరోగ్య బీమా మీద 18 శాతం జీఎస్టీని 2025 సెప్టెంబరు 22 నుంచి ఎత్తేశారు. ముందే ఉన్న జబ్బులకు బీమా డబ్బు ఇవ్వకుండా కంపెనీలు పెట్టే వెయిటింగ్ గడువు నాలుగేళ్ల దాకా ఉండేది, దాన్ని మూడేళ్లకు కుదించారు. 65 దాటినవాళ్లూ పాలసీ తీసుకోవచ్చన్నారు. ఇవన్నీ పేపర్లో చదివి సంతోషపడి, ఆ ఊపులోనే మా అత్తయ్యకు పాలసీ తీద్దామని బయల్దేరాను.

ఆవిడకు 67. షుగరు, బీపీ రెండూ ఉన్నాయి. ఇంటిల్లిపాదికీ కలిపి తీసుకున్న మా ఫ్లోటరు పాలసీలో కలుపుదామంటే, ఇంట్లో అందరికన్నా పెద్దవారి వయసును బట్టే ప్రీమియం లెక్క కడతారని ఏజెంటు చెప్పాడు. అంటే అత్తయ్య ఒక్కరిని చేరిస్తే అందరి లెక్కా ఆవిడ వయసు మీదికే పోతుంది. మా అబ్బాయికి పాతికేళ్లు నిండాయని వాణ్ణి అందులోంచి అప్పటికే తీసేశారు. పెద్దావిడ రాకూడదు, పిల్లాడు ఉండకూడదు. దాని పేరు ఫ్యామిలీ ఫ్లోటరు!

సరే, విడిగా తీద్దామన్నాం. ఒక కంపెనీ రక్తపరీక్షలన్నీ చేయించి, రిపోర్టులు చూసి వద్దంది. మీరు తలుపు తీయించారు గానీ లోపలికి రమ్మనే బాధ్యత ఎవరి మీదా పెట్టలేదు. ఇంకో కంపెనీ ఒప్పుకుంది. బిల్లులో 20 శాతం మేమే కట్టుకోవాలి. షుగరుకు, బీపీకి, వాటి వల్ల వచ్చే వాటికి 36 నెలలు ఏమీ రాదు. ఆ వయసులో వాటివల్ల కాక ఇంక దేనివల్ల ఆసుపత్రికి వెళ్తారండీ?

67కు 3 కలపండి. 70 నిండిన రోజున ఆదాయంతో పనిలేకుండా ఆయుష్మాన్ వయ వందన కార్డు ఇస్తారు, ఐదు లక్షల వైద్యం ఉచితం. అంటే మేం మూడేళ్లు ప్రీమియం కడితే, ఆ పాలసీ పనికొచ్చే నాటికి మీ కార్డు వచ్చి గుమ్మంలో నిలబడుతుంది. పాత నాలుగేళ్ల రూలే ఉంటే ఆవిడకు 71 వచ్చేవి. ఆ లెక్కన మేలు చేసినట్టే, కాదనను. ఈ మూడేళ్లూ జబ్బు పడకుండా ఓపిక పట్టమని అత్తయ్యకు చెప్పాను. ఆవిడ నవ్వి ఊరుకున్నారు, మాత్రలు మాత్రం రోజూ వేసుకుంటూనే ఉన్నారు.

60 దాటినవాళ్ల ప్రీమియం ఏడాదికి పది శాతం మించి ఇష్టమొచ్చినట్టు పెంచొద్దని 2025 జనవరిలో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ కంపెనీలకు చెప్పింది. మంచిదే. అసలు మొదటి ఏడాది ప్రీమియం ఎంత ఉండాలో మాత్రం ఎవరూ చెప్పలేదు. జీఎస్టీ పోయింది గదా అనుకుంటే, తాము కట్టిన జీఎస్టీని తగ్గించుకునే ఇన్‌పుట్ క్రెడిట్ పోయింది కాబట్టి అసలు ప్రీమియం పెంచి సర్దుకోవాలి అంటున్నారు కంపెనీలవాళ్లు. కొత్త ఆదాయపు పన్ను విధానంలో ఆరోగ్య బీమా ప్రీమియానికి మినహాయింపూ లేదు. ఏ చేత్తో ఇచ్చారో, ఏ చేత్తో పోయిందో లెక్క తేలడం లేదు.

ఆయుష్మాన్ కార్డు ఆరోగ్య శాఖది, నాది కాదంటారేమో. మా ఇంటికి మీరంతా ఒకటే ప్రభుత్వం. అదీగాక, ఆదాయపు పన్నులో 60కే సీనియర్ సిటిజన్ అంటారు. తల్లిదండ్రుల పోషణకు 2007లో తెచ్చిన చట్టంలోనూ 60 నిండితే వృద్ధులే. మేం చూసుకోవాల్సి వచ్చినప్పుడు 60, మీరు చూసుకోవాల్సి వచ్చేసరికి 70 ఎలా అయిందో కాస్త చెప్పించండి.

ఆ 70ని 60 చేయండి. కాకుంటే 60 దాటినవాళ్లకు ఆ వెయిటింగైనా తీయించండి. రెండూ కుదరకపోతే 60కీ 70కీ మధ్యలో ఉన్నవాళ్లకు ఏదో ఒక దారి చూపండి. ఏదైనా ఫరవాలేదు, ఏదో ఒకటి చేయండి. ప్రీమియం కట్టమంటారా, మానేసి ఆ డబ్బు ఆసుపత్రి కోసం దాచుకోమంటారా? ఏజెంటు రోజూ ఫోను చేస్తున్నాడు, ఏం చెప్పాలో తెలియక ఎత్తడం లేదు.

ఇట్లు,
ఓ 67 ఏళ్ల అత్తగారి కోడలు