మీ క్యాన్సర్ నీరసం ప్యాకేజీ డబ్బులు వాపస్ ఇవ్వండి

కస్టమర్ కేర్ వాళ్ళకి,

నమస్తే అండీ. మా అమ్మకి బ్రెస్ట్ క్యాన్సర్, ఆపరేషన్ అయ్యి ఇప్పుడు కీమో నడుస్తోంది. కీమో అంటే అందరూ వాంతులే అనుకుంటారు గానీ మా అమ్మని పడేసింది నీరసం, రాత్రంతా పడుకున్నా తగ్గదు, పళ్ళు తోముకుని వచ్చి మళ్ళీ మంచం మీద కూలబడిపోతుంది. మీ యాడ్‌లో క్యాన్సర్ పేషెంట్లకి లైవ్ యోగా, దాంతోపాటు హెర్బల్ పొడి, సైడ్ ఎఫెక్ట్స్ లేవు అని చూసి 6,499 కట్టాను.

లైవ్ అన్నది ఒట్టిమాట. లింక్ నొక్కితే పాత రికార్డింగ్, అందులో ఒక కుర్రాడు గబగబా సూర్య నమస్కారాలు చేసేస్తున్నాడు, మొన్ననే చంకలో గ్రంథులు తీసిన మనిషి ఆ చేతి మీద ఒంటి బరువంతా ఎలా మోపుతుందండీ? కుర్చీలో కూర్చుని చేసేవి ఏమైనా ఉన్నాయా అని చాట్‌లో అడిగితే "పొడి రెగ్యులర్‌గా వాడండి మేడమ్" అని రిప్లై. నీరసానికి నడక లాంటి ఒంటికి తగ్గ ఎక్సర్‌సైజ్ చేయించాలని 2024లో అమెరికా క్యాన్సర్ డాక్టర్ల సంఘం గైడ్‌లైన్స్‌లో కూడా ఉంది, దగ్గరుండి నేర్పించాల్సిన ఆ పని ఎగ్గొట్టి మీరు డబ్బాలు అంటగట్టారు.

డబ్బా మీదేమో అశ్వగంధ, జిన్‌సెంగ్, ఇతర మూలికలు అని రాసుంది, ఏది ఎంతో లేదు. నీరసం మీద ట్రయల్ చేసింది అమెరికన్ జిన్‌సెంగ్ అనే రకంతో, రోజుకి 2000 మిల్లీగ్రాములు, 8 వారాలు, మరి మీది ఏ రకం? అశ్వగంధతో లివర్ దెబ్బతిన్న కేసులు ఉన్నాయి, అందుకే కీమో మధ్యలో వద్దని మా డాక్టర్ గారు ఆపించి ముందు హిమోగ్లోబిన్, థైరాయిడ్ టెస్టులు రాశారు. హిమోగ్లోబిన్ బాగా తక్కువుంది. మీ ఎగ్జిక్యూటివ్ మాత్రం అమ్మకి ఫోన్ చేసి "డాక్టర్లకి చెప్పకండి ఆంటీ, వాళ్ళకి ఆయుర్వేదం పడదు, దీనితో గడ్డ కూడా కరుగుతుంది" అన్నాడట. నాకు ఒళ్ళు మండింది ఇక్కడే (మా ఇంట్లో ఆయుర్వేదం మీద ఎవరికీ కోపం లేదు, కషాయాలతోనే పెరిగాం). క్యాన్సర్ తగ్గిస్తాం అని మందుకి యాడ్ వెయ్యడమే 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం ప్రకారం నేరం, మీ పేజీలో కూడా అదే మాట ఉంది, స్క్రీన్‌షాట్లు తీసి పెట్టాను.

మొత్తం డబ్బులు వారంలో వెయ్యండి, లేకపోతే కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి కాల్ చేసి కంప్లైంట్ ఇస్తా, ఆ తర్వాత కన్స్యూమర్ ఫోరమ్‌కే. సీల్ తియ్యని డబ్బాలు రెండు ఉన్నాయి, కొరియర్ ఖర్చు మీదే. ఇంకోటి, అమ్మ నంబర్ మీ లిస్టులోంచి తీసెయ్యండి, ఏమున్నా నాకే చెయ్యండి.