గోడలకన్నా ముందు దామెర్ల బొమ్మల సంగతి చూడండి

సంపాదకుల వారికి,

2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి. పుష్కరాలంటే రాజమహేంద్రవరానికి కొత్త రంగులు, కొత్త లైట్లు ఎలాగూ వస్తాయి. ఆ జాబితాలో మన ఊరి చిత్రకారుడు దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీ పేరు కూడా ఉంటే మంచిదే. కానీ ఖర్చు మొదలుపెట్టాల్సింది గోడల దగ్గర కాదు, బొమ్మల దగ్గర.

రామారావు 1897 మార్చి 8న ఈ ఊళ్లోనే పుట్టారు. ఆర్ట్స్ కళాశాల ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే దొర ఆయన చేతిలోని పనితనాన్ని గుర్తించి, బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌కు పంపించారు. 1925 ఫిబ్రవరి 6న మశూచితో పోయేనాటికి ఆయనకు 28 ఏళ్లు కూడా నిండలేదు. ఆ కొద్దికాలంలోనే మన గోదావరినీ, కొండల్నీ, పూజలు చేసుకునే ఆడవాళ్లనీ, పురాణ కథల్నీ మన కళ్లతో చూసి గీశారు. ‘ఋష్యశృంగ బంధనం’, ‘పుష్పాలంకరణ’, ‘నంది పూజ’ లాంటి చిత్రాలు ఇంకెవరూ మళ్లీ గీసి ఇవ్వలేరు. ఆయన పోయాక భార్య సత్యవాణి గారు, మిత్రులు వరదా వెంకటరత్నం గారు పూనుకోబట్టే ఆ బొమ్మలు తలోదిక్కూ పోకుండా ఈ ఊళ్లో నిలిచాయి. ఇప్పుడు ఆ బాధ్యత ప్రభుత్వానిది, మనందరిది.

ఏళ్ల తరబడి పిల్లలకు డ్రాయింగు నేర్పినవాణ్ణి కాబట్టి ఒక మాట చెప్పగలను. ఆయన చిత్రాల్లో ఎక్కువ భాగం నీటిరంగులు. తైలవర్ణ చిత్రం మీద వార్నిష్ ఉంటుంది. నీటిరంగుకు ఆ కాపు ఉండదు. రంగు నేరుగా కాగితంలోకి ఇంకి ఉంటుంది. వెలుగు తగిలేకొద్దీ వెలుస్తుంది, వెలిసిన రంగు తిరిగి రాదు. అందుకే మ్యూజియంలలో నీటిరంగు చిత్రాల మీద 50 లక్స్ (వెలుతురును కొలిచే ప్రమాణం) మించి వెలుతురు పడనివ్వరు. కొన్ని నెలలు గోడకు పెట్టి, తర్వాత చీకటిగదిలో విశ్రాంతి ఇస్తారు. బాగా కనబడాలని పెద్ద లైట్లు బిగిస్తే మనమే వాటిని చెరిపేసినట్టు. ఇక వరద రోజుల్లో ఈ ఊరి చెమ్మ సంగతి చెప్పనక్కర్లేదు. ఫ్రేములో అద్దం బొమ్మకు ఆనుకుని ఉంటే లోపల తేమ చేరి బూజు పడుతుంది, రంగు అద్దానికి అంటుకుంటుంది. వెనక పెట్టిన చవక అట్టలోని ఆమ్లం కాగితాన్ని గోధుమరంగుకు తిప్పి పెళుసుబారుస్తుంది. ఇవేవీ మామూలు ఫ్రేముల దుకాణంలో నయమయ్యే జబ్బులు కావు.

లక్నోలోని జాతీయ సంరక్షణ పరిశోధనాలయానికి మైసూరులో శాఖ ఉంది. హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియంలోనూ సంరక్షణ ప్రయోగశాల ఉంది. అక్కడి నిపుణుల్ని పిలిపించి ప్రతి చిత్రాన్నీ ఫ్రేమునుంచి విప్పి పరీక్ష చేయించాలి. ఏది ఏ స్థితిలో ఉందో ఫొటోతో సహా రాసిపెట్టాలి. అదే సమయంలో ఉన్నత నాణ్యతతో స్కాన్ చేయిస్తే, అసలుకు విశ్రాంతి ఇచ్చిన రోజుల్లో దాని స్థానంలో మంచి ప్రతి పెట్టొచ్చు, ప్రతి అని కింద స్పష్టంగా రాసి. బొమ్మల్ని భద్రత పేరుతో శాశ్వతంగా వేరే ఊరికి తరలించే ఆలోచన మాత్రం వద్దు. ఆయన గీసిన గోదావరి పక్కనే అవి ఉండాలి.

ఇంకొకటి. ఋష్యశృంగుడి కథ ఈనాటి పిల్లల్లో ఎందరికి తెలుసు? అడవిలో పెరిగి ఆడపిల్లనే చూడని మునికుమారుణ్ణి వానల కోసం అంగదేశానికి రప్పించిన కథ తెలియకపోతే ఆ చిత్రంలో సగం అందదు. ప్రతి బొమ్మ పక్కనా పిల్లలకు అర్థమయ్యే తెలుగులో నాలుగు వాక్యాలు రాయించండి. చెప్పేవాళ్లుగా డిగ్రీ విద్యార్థులకు తర్ఫీదు ఇస్తే వాళ్లకూ ఉపయోగం.

2027 మార్చి 8కి రామారావు పుట్టి 130 ఏళ్లు. పుష్కరాలు ఆ తర్వాతే. చిత్రాల పరీక్షకు నిధులు, ఒక బాధ్యుడు, ఒక గడువు ఇప్పుడే ప్రకటించాలని జిల్లా కలెక్టరు గారినీ, సాంస్కృతిక శాఖనూ కోరుతున్నాను.

— విశ్రాంత డ్రాయింగు మాస్టారు, రాజమహేంద్రవరం