ఒప్పుకోలులో పేరు, చేతిలో ముందస్తు బెయిలు

సంపాదకుడు గారికి,

గంజాయి కేసుల్లో ముందస్తు బెయిలు అన్న మాటే వినిపించకూడదని పాఠకుల ఉత్తరాల్లో తరచూ చదువుతున్నాను. ఆ కోపం నాకు అర్థమవుతుంది. అయితే కోర్టులో బెంచి క్లర్కుగా పనిచేసి, ఆ పిటిషన్లకు నంబర్లు వేసినవాడిగా ఒక మాట చెప్పాలి.

విశాఖ ఏజెన్సీ వైపు నుంచి వచ్చే కేసులు చాలావరకు ఒకే అచ్చులో ఉంటాయి. ఘాట్ రోడ్డు మీద తనిఖీ, ఒక వ్యాను, మూటలు, ఇద్దరు కుర్రాళ్లు. తూకం 20 కిలోలు దాటితే వాణిజ్య పరిమాణం, నేరం రుజువైతే పదేళ్లకు తగ్గని జైలు. ఆ కుర్రాళ్లు ఏ1, ఏ2, అంటే మొదటి, రెండో నిందితులు. వాళ్లు చెప్పినట్టుగా మధ్యవర్తుల నివేదికలో, అంటే సాక్షుల ముందు రాసే పంచనామాలో, ఇంకో పేరు ఉంటుంది, డబ్బు పెట్టినవాడిదో సరుకు కొన్నవాడిదో. అతను ఏ4, పరారీలో ఉంటాడు. కొద్ది రోజులకే అతని తరఫున పిటిషన్ వస్తుంది: నా దగ్గర గ్రాము కూడా దొరకలేదు, పట్టుబడినవాళ్లు పోలీసుల ముందు చెప్పిన మాట తప్ప నా మీద ఏమీ లేదు.

ఈ వాదనను తేలిగ్గా కొట్టిపారేయలేం. పోలీసుల ముందు ఒప్పుకోలు సాక్ష్యం కాదని మన చట్టం ఏనాడో చెప్పింది. మాదకద్రవ్యాల చట్టం 67వ సెక్షన్ కింద అధికారులు రాసుకునే వాంగ్మూలానికీ అదే గతి అని 2020లో తూఫాన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. పైగా ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టంలో లాగా ఈ చట్టంలో ముందస్తు బెయిలు వద్దని నేరుగా రాసి లేదు. ఉన్నది 37వ సెక్షన్. నిందితుడు దోషి కాడని నమ్మడానికి కారణాలు ఉండాలి, బయటికొస్తే మళ్లీ నేరం చేయడనిపించాలి. వాణిజ్య పరిమాణం కేసుల్లో ఈ రెండూ కుదిరితేనే బెయిలు.

2022లో సమర్థ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఇంకో మాట అంది. తూఫాన్ సింగ్ తీర్పు మేలు కావాలంటే సాధారణ బెయిలు దగ్గరో తుది విచారణలోనో అడగండి, ముందస్తు బెయిలుకు కాదు అని. 2024 సెప్టెంబరులో పశ్చిమ బెంగాల్ కేసు ఒకటి వచ్చినప్పుడు, సహనిందితులకు ముందస్తు బెయిలు దొరకడం చాలా తీవ్రమైన విషయమని, దాని రద్దుకు వెళతారా లేదా ఆలోచించుకోమని ఆ రాష్ట్రాన్ని అడిగింది.

నాకు ఈ కఠినత్వం మీద పేచీ లేదు. పేచీ అంతా ఫైలు మీద. ఆ పేరు నిజంగా పెట్టుబడిదారుడిదే కావచ్చు, పాత పొలం తగాదాలో ఇరికించిన అమాయకుడిదీ కావచ్చు. ఏది నిజమో తేల్చే కాగితం జడ్జి గారి ముందు ఉండాలి కదా! బెయిలు పిటిషన్‌కు జవాబుగా పోలీసుల తరఫున వేసే కౌంటర్లలో నేను ఎక్కువగా చూసినవి రెండే వాక్యాలు: నేరం తీవ్రమైనది, దర్యాప్తు సాగుతోంది. ఏ1 ఫోను ఎవరితో ఎన్నిసార్లు మాట్లాడిందో, అతని ఖాతాలో డబ్బు ఎక్కడి నుంచి పడిందో, వ్యాను ఎవరి పేరున ఉందో రాసినవి అరుదు. ఇవేమీ దొరకని రహస్యాలు కావు. ఒప్పుకోలు ఒక్కటే చూపించి బెయిలు వద్దంటే అమాయకుడు లోపలికి పోతాడు, ఇచ్చేస్తే అసలువాడు జారుకుంటాడు.

ఈలోగా మూట మోసిన కుర్రాడు ఎక్కడ ఉంటాడు? వాణిజ్య పరిమాణం కేసులో అభియోగపత్రానికే 180 రోజుల గడువు, ఆ తర్వాత విచారణ ఎన్నేళ్లో చెప్పలేం. విచారణ అంతు లేకుండా సాగితే 37వ సెక్షన్ బెయిలుకు అడ్డు కారాదని 2023లో మహమ్మద్ ముస్లిం కేసులో సుప్రీంకోర్టు చెప్పిన మాట కొండ మీది ఇంటికి చేరేసరికి ఆలస్యమవుతుంది. ఒక తల్లి రెండు బస్సులు మారి వచ్చి, నా బల్ల ముందు నిలబడి, "బాబుగారూ, మావాడి చేత మోయించినాయన్ని తెచ్చారా?" అని అడిగింది. తేలేదు. ఆయన పిటిషన్ ఆ పూటే నా బల్ల మీద ఉంది.

అందుకే నా విన్నపం చిన్నది. ఒప్పుకోలులో పేరు వచ్చిన రోజునుంచే కాల్ వివరాలు, బ్యాంకు లావాదేవీలు సేకరించి, పిటిషన్ విచారణకు వచ్చే నాటికి కౌంటరుకు జతచేయడం దర్యాప్తు అధికారి బాధ్యతగా రాతపూర్వకంగా నిర్దేశించాలి. అవి లేకుండా వచ్చే వాయిదాలను పై అధికారి సంతకంతోనే అడగాలి. నిందితుడికి అరెస్టు నుంచి మధ్యంతర రక్షణ ఇవ్వాల్సి వస్తే, ఫోను అప్పగించి ఫలానా రోజు దర్యాప్తు అధికారి ముందు హాజరు కావాలన్న షరతు అందులో ఉండాలి.

ఇట్లు,
ఒక విశ్రాంత కోర్టు ఉద్యోగి,
అనకాపల్లి జిల్లా